రేకుల కింద పరుపు

మా వెనక సందులో పోయిన ఏడాది ఒక గోడౌను కట్టారు. గోడలు లేచాక పైన రేకులు బిగించారు. తర్వాత ఒకరోజు ఇద్దరు మనుషులు ముఖాలకు ముసుగులు తగిలించుకుని, పొడుగాటి గొట్టాలు పట్టుకుని, రేకుల లోపలి వైపు ఏదో నురుగు కొట్టసాగారు. కొట్టినప్పుడు అది పల్చగా ఉంది. చూస్తుండగానే పొయ్యి మీద పాలలా పొంగి అక్కడికక్కడే గట్టిపడింది. నేను గేటు దగ్గర నిలబడి చాలాసేపు చూశాను. భోజనానికి బయటికొచ్చిన మనిషిని అదేమిటని అడిగితే ఫోము అన్నాడు. రేకుల వేడి కిందికి దిగనివ్వదట. ఎన్ని అంగుళాల మందం కొడతారంటే రెండంగుళాలు అన్నాడు. ఆ రెండంగుళాల్లో వేడిని ఆపేది ఏమిటని అడిగాను.

"గాలేనమ్మా. సన్న సన్న బుడగల్లో గాలి కదలకుండా పడుంటాది. ఇంగేమీ లేదు దాంట్లో."

ఆ మాట నాకు కొత్త కాదు. గాలిని కదలకుండా పట్టి ఉంచితే వేడి దిగదన్న సంగతి నేను 1980 ఎండాకాలంలో నేర్చుకున్నాను. చెవులు విన్నదానికంటే ఎక్కువ నా కుడి భుజం నేర్చుకుంది. ఈ వయసులోనూ చలికాలం వస్తే ఆ భుజం గుర్తు చేస్తూనే ఉంటుంది.

మేము దూదేకుల వాళ్ళం. పుట్టిల్లు ఎమ్మిగనూరు. 1971లో ఆదోనికి కోడలిగా వచ్చాను. అప్పటికి మా అత్తగారు లేరు. ఇంట్లో మామ, మా ఆయన, నేను. మా ఆయన అక్కను, అంటే మా వదినను, మా పుట్టింటి ఊరికే ఇచ్చారు. అక్కడ వాళ్ళకు పరుపుల అంగడి ఉండేది.

మా మామ నలభై ఐదేళ్ళు దూది ఏకాడు. ఎప్పుడూ చూడని వాళ్ళ కోసం చెబుతున్నాను. ఏకడానికి మనిషి ఎత్తున ఒక పెద్ద విల్లు ఉంటుంది. దానికి ఎండిన పేగుతో చేసిన నారి కడతారు. ఆ నారిని దూది కుప్పలోకి దించి, రెండు చివరలా గుండ్లున్న చేతికర్రతో కొడతారు. నారి అదిరేకొద్దీ దూది విడివడి పొగలా పైకి లేస్తుంది. అందులోని ఆకు నలుసులు, గింజ పొట్టు, మట్టి అన్నీ కిందికి రాలిపోతాయి. ఆ విల్లు భుజాన వేసుకుని మా మామ గోనెగండ్ల దాటి కృష్ణగిరి వరకూ ఊరూరా తిరిగేవాడు. పెళ్ళి ఇళ్ళకు కొత్త పరుపులు కుట్టేవాడు. పాత పరుపులు విప్పి, అట్టకట్టిన దూదిని మళ్ళీ ఏకి పెట్టేవాడు. పండుకున్న వాళ్ళు పొద్దున లేచి నడుము నొప్పి అనకపోతే అదే ఆయనకు కూలి మీద కొసరు.

నేను వచ్చిన ఆరేళ్ళకు ఆయనకు ఆయాసం మొదలైంది. నాలుగడుగులు వేస్తే నిలబడాలి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాలి. ఆస్పత్రిలో డాక్టరు చూసి పత్తి పని మానేయమన్నాడు. ఆ రోజే విల్లు గోడ మేకుకు ఎక్కింది. పని మానాడు కదా, ఇక తగ్గుతుందని అందరం అనుకున్నాం. పని మనిషిని అరగదీస్తుంది, దూది ఏం చేస్తుంది, తరతరాలుగా అన్నం పెట్టింది అదే కదా అన్నది మా ఆలోచన. ఆ ఆలోచన ఎంత దూరం తీసుకుపోయిందో ముందు ముందు చెబుతాను.

అప్పటి మా ఇల్లు చౌడు మిద్దె. గోడల మీద దూలం, దూలం మీద దంతెలనే అడ్డకర్రలు, వాటి మీద చువ్వలు పరిచి, పైన అడుగున్నర మందాన మట్టి, ఆ పైన వాననీళ్ళు దిగనివ్వని చౌడు మట్టి. ఏటా వానలకు ముందు గాడిదల మీద కొత్త చౌడు తెప్పించి పరిచేవాళ్ళం. చైత్ర వైశాఖాల్లో వీధిలో కాళ్ళు కాలుతున్నా గడప దాటి లోపలికి వస్తే కొత్త కుండలో చెయ్యి పెట్టినట్టుండేది. అది గొప్ప అని అప్పుడు తెలియదు. ఇల్లంటే అట్లాగే ఉంటుందనుకున్నాం.

1979 వానల్లో దూలం వంగింది. చూస్తే లోపలంతా చెదలు తిన్నాయి. అంత పొడుగు కర్ర మళ్ళీ సంపాదించడం మా వల్ల కాలేదు. మా ఆయన జిన్నింగు మిల్లులో ఫిట్టరు. ఎక్కడో విప్పిన జింకు రేకులు తెచ్చి, మిద్దె మట్టి అంతా దించేసి, ఇనుప కమ్ముల మీద వాటిని బిగించాడు. రెండేళ్ళు ఓర్చుకుంటే స్లాబు వేస్తానన్నాడు. ఆ చలికాలం బాగానే గడిచింది. ఉగాది దాటాక తెలిసింది మేం ఏం పోగొట్టుకున్నామో.

నాకు ఏదైనా కొలిచి చూసుకోనిదే మనసు ఊరుకోదు. మా ఆయన మిల్లులో పారేసిన ఒక పాత థర్మామీటరు తెచ్చిస్తే మామ మంచం తలాపున గోడకు తగిలించాను. బయట వేపచెట్టు నీడలో నలభై ఒకటి ఉన్న రోజు, మా ఇంట్లో మధ్యాహ్నం మూడింటికి నలభై నాలుగు ఉంది. నీడలో ఉన్న మనిషికంటే ఇంట్లో ఉన్న మనిషికి ఎక్కువ ఎండ. మేము బయటికి పోయి చెట్టు కింద కూర్చోగలం. మామ చేతకాక మంచంలోనే ఉండేవాడు. తడిపిన పంచె ఛాతీ మీద వేసుకుని, నోరు తెరిచి, ఒక్కొక్క ఊపిరీ బావిలోంచి చేదినట్టు తీసుకునేవాడు.

ఏప్రిల్ నడిమిలో మా వదిన చూడ్డానికి వచ్చింది. ఆమెది ఎమ్మిగనూరులో ఇంకా మట్టి మిద్దే. తండ్రి పరిస్థితి చూసి, ఛాతీ మీది పంచె తీసి మళ్ళీ తడిపి కప్పింది. తర్వాత తమ్ముడితో, రోహిణి కార్తె వచ్చేలోపల నాయన్ని తన ఇంటికి తీసుకుపోతానని, అడ్డం చెప్పొద్దని చెప్పింది. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటారు, ఈ మనిషి ఏమి తట్టుకుంటాడని అడిగింది. మా ఆయన తల వంచుకున్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఆమె బస్సెక్కి పోయాక మామ నన్ను పిలిచాడు.

"అమ్మీ, ఊరూరా తిరిగి అందరికీ వాళ్ళ వాళ్ళ ఇండ్లల్లో పడక కుట్టిచ్చినోన్ని. నా మంచం మాత్రం ఇంగొకరి ఇంట్ల ఎయ్యాల్నా?"

కూతురిల్లు ఇంకొకరి ఇల్లెట్లవుతుంది మామా అన్నాను. అల్లుడి ఇల్లు అని, అవతలికి తిరిగి పడుకున్నాడు. ఆయన పుట్టింది ఆ ఇంట్లోనే. అత్త పోయింది ఆ గదిలోనే. ఇక ఆయన ఈ ఇంట్లో ఉంటాడా, పోతాడా అన్నది ఒక్క రేకుల వేడి మీద నిలబడింది. రోహిణికి నెల పైచిలుకు ఉంది.

మొదట రేకుల మీద సున్నం కొట్టించాను. ఒక డిగ్రీ తగ్గింది. గోనె సంచులు పరిచి నీళ్ళు చల్లాను. రెండు డిగ్రీలు తగ్గేది గానీ, అరగంటకే సంచులు ఎండిపోయేవి. తాగడానికి కుండ నింపుకోవడమే కష్టమైన ఊళ్ళో ఇంటిమీద ఎన్ని బిందెలు పోయగలం? జొన్న సొప్ప కప్పుదామంటే మా ఆయన నిప్పు భయమని వద్దన్నాడు.

ఒక రోజు మామకు ఐసు ముక్క తెద్దామని బస్టాండు దగ్గరి సోడా అంగడికి పోయాను. అంగడాయన మూలన ఉన్న ఐసు దిమ్మ మీద నుంచి ఒక చిరిగిన బొంతను తొలగించాడు. ఆ కుట్టు చూడగానే గుర్తుపట్టాను, అది మా మామ కుట్టే అడ్డకుట్టు. ఐసుకు బొంత కప్పుతావేం, కరిగిపోదా అని అడిగితే ఆయన నన్ను వింతగా చూసి, కప్పకపోతేనే కరుగుతుందన్నాడు.

ఐసు ముక్క గిన్నెలో పట్టుకుని నడుస్తూ అదే ఆలోచించాను. బొంత వేడినిస్తుందని మేమే అందరికీ చెప్పి అమ్మాం. నిజానికి బొంతకు సొంత వేడి ఎక్కడిది? చలికాలంలో మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. అదే ఐసు మీద కప్పితే బయటి వేడిని లోపలికి రానివ్వదు. దానికి లోపల బయట అని ఏమీ లేదు. అడ్డం నిలబడడమే దాని పని. నలభై ఐదేళ్ళు దూదిలో బతికిన ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. రేకుల కింద వెదురు దబ్బలు కట్టి, వాటి మీద దూది నింపుదాం అన్నాను. ఆయన నవ్వాడు.

"ఎండాకాలంలో ఇంటికి బొంత కప్పుతావా? అట్లయితే సలికాలంలో తడిగుడ్డ కప్పుతావేమో."

ఐసు సంగతి చెప్పాక నవ్వు ఆపాడు. మంచి దూది కొనే స్తోమత లేదు కాబట్టి మిల్లులో నేల ఊడ్చి పారేసే దూది బస్తాలకెత్తి తెచ్చాడు. ఆయనకు సెలవు ఆదివారాలే. రెండు ఆదివారాల్లో దబ్బలు కట్టి, గోనెపట్ట పరిచి, దాని మీద నాలుగంగుళాల మందాన ఆ దూది కుక్కాం. వంటకొట్టు వేరుగా ఉండేది, నిప్పుండే చోట వేయలేదు. పని జరుగుతుండగా పక్కింటి ముసలమ్మ గడపలోంచి తొంగి చూసింది.

"ఏమ్మే, మీ ఇల్లేమన్నా బాలింతా? సలి తగుల్తాదని కప్పుతాండావు."

నేను జవాబు చెప్పేలోపల మంచంలోంచి మామ అందుకున్నాడు. "అవును. మొగబిడ్డ పుట్టినాడు. సక్కెర పంపిస్తాంలే, పో."

మరుసటి రోజు మధ్యాహ్నం థర్మామీటరు ముప్పై ఎనిమిది చూపింది. మామ చాలా రోజుల తర్వాత పగలు నిద్రపోయాడు. ఆ నిద్ర చూసి నేను వదినకు కార్డు రాద్దామనుకున్నాను, మామను తీసుకుపోవలసిన అవసరం లేదని. రాయకపోవడమే మంచిదైంది.

నాలుగో రోజుకు మామకు దగ్గు పట్టుకుంది. ముందు పైరగాలి అనుకున్నాం. ఐదో రోజు ఉదయం కిటికీలోంచి ఎండ మంచం మీదికి పడింది. ఆ వెలుగులో చూశాను. గోనెపట్ట కన్నాల్లోంచి సన్నటి నూగు రాలుతోంది. నిదానంగా, ఆగకుండా, మామ గడ్డం మీద, కళ్ళ మీద, తెరిచిన నోటి మీద. మాకు దూది నూగు కంటికి కనబడేది కాదు. మా బట్టల మీద, అన్నం మీద ఎప్పుడూ ఉండేదే. గాలిని ఎవరు చూస్తారు? అట్లాగే దాన్నీ చూడలేదు.

ఆస్పత్రికి తీసుకుపోతే రెండు రాత్రులు ఉంచుకున్నారు. పాత డాక్టరే. ఇంట్లో ఏం జరిగిందో అడిగి తెలుసుకుని, మీ పని ఆయన్ను కుంగదీయలేదు, పనిలో లేచే ధూళి కుంగదీసింది, పని మానిపించి ధూళిని నెత్తిన పెట్టారు అన్నాడు. కోపంగా అనలేదు. మా ఆయన ఇంటికొచ్చి గోనెపట్టలన్నీ విప్పి, ఆ దూది బస్తాలకెత్తి పెరట్లో వేశాడు. ఇల్లు మళ్ళీ నలభై నాలుగుకు పోయింది.

మామను ఇంటికి తెచ్చిన రోజే, ఆస్పత్రి కబురు అంది వదిన దిగింది. చేతిలో ఒక ఖాళీ సంచి. తండ్రి బట్టలు పెట్టుకోవడానికి తెచ్చింది. నేను పది రోజులు గడువు అడిగాను.

"నీ గడువులు, నీ కొలతలు సాలించమ్మీ. ఇంగొగ తూరి కొలిస్తే మనిషి మిగలడు."

అంటూనే ఆమె మేకు మీది పంచెలు తీసి మడవడం మొదలుపెట్టింది. అప్పుడు మామ మాట్లాడాడు. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ చెప్పినది ఇది. దూదిది తప్పు కాదు, ఏకని దూదిని నెత్తి మీద పెట్టడం తప్పు. బాగా ఏకిన దూదిలో ధూళి ఉండదు, గాలి ఉంటుంది. దాన్ని చిక్కటి గుడ్డలో పెట్టి పరుపులా కుడితే నూగు బయటికి రాదు. ఇన్నేళ్ళూ పరుపులు కుట్టిన ఇంట్లో మనుషులు బస్తా నింపినట్టు నింపారు ఏందని అడిగాడు.

మరి ఏకేది ఎవరు? మా ఆయనకు విల్లు రాదు. ఊరూరా తిరిగే బతుకు కొడుక్కు వద్దని మామే ఆయన్ను చిన్నప్పుడే మిల్లుకు పంపాడు. ఊళ్ళో ఏకే మరలు వచ్చాయి గానీ, ఆ చెత్త దూది వేస్తే పళ్ళు పట్టుకుపోతాయని వాళ్ళు తీసుకోరు. కూలికి పిలుద్దామంటే విల్లు పట్టే ముసలివాళ్ళందరూ మామ లాగే మంచం పట్టారు.

"నేను కొడతా మామా," అన్నాను.

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు దూది ఏరతారు, గలేబులు కుడతారు. విల్లు ముట్టరు. నేల మీద ఉంటే దాటరు, చుట్టూ తిరిగి పోతారు. వదిన మడుస్తున్న పంచె చేతిలో పట్టుకుని నన్ను చూసింది. మామ గోడ మేకు మీది విల్లు వైపు చూశాడు. కొడుకుతో, "విల్లు దించు. నారికి ఆముదం పట్టించు," అన్నాడు.

వదిన పంచె మళ్ళీ మేకుకు తగిలించింది. అయితే ఒక షరతు పెట్టింది. రోహిణి మొదటి మూడు రోజులు గడిచేదాకా తానిక్కడే ఉండి చూస్తుంది. ఒక్క నూగు రాలినా నాయన ఎమ్మిగనూరుకు వస్తాడు. మామ సరేనన్నాడు.

మా వీధి చివర బయలు ఉండేది. తెల్లవారుజామున పడమటి గాలి ఒకే తీరుగా వీచే వేళకు అక్కడ పని పెట్టుకున్నాం. ధూళి తూర్పుకు పోతుంది కనుక మామ మంచం పడమటి వైపు, చివరి ఇంటి అరుగు పక్కన, ముప్పై గజాల దూరంలో వేశాం. అంత దూరం నుంచి ఆయన ముసలి కళ్ళకు నా చేతులు ఆనవు. దగ్గరికి వస్తే ఊపిరాడదు. ఆయనకు మిగిలింది చెవులే.

ముక్కుకూ నోటికీ తడిగుడ్డ కట్టుకుని నేను మొదటి దెబ్బ కొట్టాను. విల్లు ఎగిరి నా మోకాలికి తగిలింది. ఆ దెబ్బ శబ్దానికే మామ చేయి పైకెత్తాడు. మా ఆయన మధ్యలో నిలబడి ఆయన మాట నాకు మోసుకొచ్చాడు. మణికట్టు బిగబట్టొద్దంట, కర్రను వదిలేసి పట్టుకోవాలంట. రెండో రోజు నుంచి మధ్యలో మనిషి అవసరం లేకపోయింది. ఆయన చెయ్యి కిందికి ఊపితే నారి లోతుకు దించాలి, పైకి ఊపితే తీయాలి. నారి దూదిలో మునిగిపోతే మొద్దు మోత వస్తుంది. ఊరికే పైపైన ఆడితే వట్టి మోత వస్తుంది. ఈ రెంటికీ నడుమ ఒక మోత ఉంది. అది వచ్చినప్పుడు దూది తనంతట తానే లేచిపోతుంది. మూడో రోజు ఒక్కసారి, పట్టుమని పది దెబ్బల సేపు ఆ మోత వచ్చింది. నేను తిరిగి చూశాను. మామ కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి వింటున్నాడు.

ఇంటికి పోయాక, "ఇప్పుడు పాడింది సూడు, అది గుర్తు పెట్టుకో," అని మాత్రం అన్నాడు.

పనికి పోయే వాళ్ళు ఆగి చూసేవారు. ఆడమనిషి విల్లు పట్టిందని ఒకరిద్దరు ఎగతాళి చేశారు. పక్కింటి ముసలమ్మ వాళ్ళకు అడ్డం తగిలి, బాలింత ఇల్లు, అరవకుండా పొండి అని తరిమేది. వదిన కూడా ఖాళీగా కూర్చోలేదు. నేను ఏకబోయే దూదిని ముందుగా సన్న బెత్తాలతో చితకబాది మట్టి దులిపేది. ఒక రోజు ఎమ్మిగనూరు పోయి, అదే సంచి నిండా మగ్గాల మీద చిక్కగా నేసిన మోటుగుడ్డ తెచ్చింది. నోటికి ఆనించి ఊదితే ఊపిరి అవతలికి రాకూడదు, అట్లాంటి గుడ్డే ఏరి తెచ్చింది. నిప్పు తొందరగా అంటుకోకుండా దాన్ని గంజిలో పటిక కలిపి ముంచి, ఆరేసి, అంచులు రెండు వరసలు కుట్టింది. లోపల దూదితోపాటు ఎలుకలు, పురుగులు రాకుండా ఎండిన వేపాకు పొరలుగా వేశాం.

పెరట్లో ఉన్న దూదిలో సగం బరువు ధూళిగా ఆ బయల్లోనే పోయింది. అయినా మిగిలిన సగం మొదటి దానికంటే ఎక్కువ చోటు నింపింది. ఏకడమంటే దూదిలోంచి చెత్త తీయడమనే అప్పటిదాకా అనుకున్నాను. దూదిలోకి గాలి ఎక్కించడం అని అప్పుడు తెలిసింది. మా మామ ఊరూరా తిరిగి ఇన్నేళ్ళూ అందరి పడకల్లోకి ఎక్కించిన ఆ గాలి, ఆయన ఛాతీలోనే లేకుండా పోయింది. అది తలుచుకుంటే విల్లు కొడుతున్న నా చెయ్యి కాసేపు ఆగిపోయేది. ఆగితే ఆయన చెయ్యి ఊపేవాడు, కానియ్యి అని.

మా గది పొడవు ఇరవై ఒక్క అడుగులు, వెడల్పు పన్నెండు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు పరుపులైతే పద్నాలుగు కావాలని లెక్క వేశాను. సరిగ్గా పద్నాలుగు కుట్టాం. రేకులకూ పరుపులకూ నడుమ జానెడు సందు వదిలి, చూరు కింద గాలి ఆడేలా పెట్టి, దబ్బల మీద ఒక్కొక్కటీ ఎక్కించాం. చివరికి ఈశాన్యం మూలన ముక్కోణంలా ఒక సందు మిగిలిపోయింది. నా లెక్క సరిగానే ఉంది. గోడ వంకరగా ఉంది. ఎప్పుడో మట్టితో కట్టిన గోడ, దానికి మూలమట్టం ఎవరు పెట్టారు? వదిన చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"నీ కొలతలకు మా తాత గోడ లొంగలేదు సూడమ్మీ."

ఆ మూలకు ముక్కోణంగా ఒక దిండు కుట్టి దోపాం.

రోహిణి కార్తె వచ్చింది. మొదటి రోజు చెట్టు నీడలో నలభై మూడు. ఇంట్లో మూడింటికి ముప్పై ఏడు. మామ మంచంలోంచే, నీ గాజుపుల్ల ఏమంటాండాది అని అడిగాడు. చెప్పాను. వదినకు ఆ అంకెతో పని లేదు. ఆమె పొద్దున్నే ఒక నల్ల కంబళి తెచ్చి మామ మంచం పక్కన నేల మీద పరిచింది. నల్లటి దాని మీద తెల్ల నూగు ఒక్కటి పడినా కనబడుతుంది. సాయంత్రం దీపం పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని ఆ మూల నుంచి ఈ మూల దాకా వెతికింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఒక చోట ఆగి ఏదో గోటితో తీసింది. నేను గోడ వదిలి ముందుకు వంగాను. దీపం దగ్గర పెట్టి చూసి, వేపాకు ఈనె అని పక్కన పెట్టింది.

రెండో రోజూ అంతే. మూడో రోజు మధ్యాహ్నం వడగాలికి రేకులు టపటపలాడాయి. ఇక రాలుతుందేమోనని నేను అన్నం కూడా తినలేకపోయాను. మామ మాత్రం గురక పెట్టి నిద్రపోయాడు. సాయంత్రం వదిన కంబళి అంతా వెతికి లేచింది. దాన్ని వీధిలోకి తీసుకుపోయి దులిపింది, దులపడానికి అందులో ఏమీ లేకపోయినా. మడిచి మామ కాళ్ళ దగ్గర పెట్టి, చలికాలానికి పనికొస్తుంది, ఉండనీ నాయనా అంది.

మర్నాడు బస్సుకు బయలుదేరుతూ ఖాళీ సంచిని చంకలో పెట్టుకుంది.

"తెచ్చింది తెచ్చినట్టే తీసకపోతాండా," అంది నాతో. గడప దాటాక వెనక్కి తిరిగి, "భుజానికి ఆముదం రాయి, అశ్రద్ధ సెయ్యొద్దు," అంది.

మామ ఆ తర్వాత నాలుగు ఎండాకాలాలు ఆ పరుపుల కింద గడిపాడు. ఆయాసం తగ్గలేదు, అది తగ్గే జబ్బు కాదు. అయితే పగలు నిద్రపోయేవాడు, లేచి వీధి అరుగు దాకా నడిచేవాడు. ఎనభై నాలుగు చలికాలంలో తన గదిలో, తన మంచం మీదే పోయాడు. రెండేళ్ళు అన్న స్లాబు మా ఆయన ఏడేళ్ళకు, ఎనభై ఆరులో వేయించాడు. అప్పుడా పద్నాలుగు పరుపులూ దించాం. వాటిని చుట్టాల ఇళ్ళకు పడకలకు ఇచ్చేశాను. స్లాబు కింద మళ్ళీ ఉడికిపోయాం, అది వేరే కథ. ముక్కోణపు దిండు మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాని మీద ఎవరూ తల పెట్టలేరు, దేనికీ సరిపోదు.

గోడౌనులో నురుగు కొట్టిన మనిషి దాంట్లో ఏమీ లేదు, గాలే అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ఏడు మృగశిరలో పడ్డ మొదటి వాన. రోహిణి వెళ్ళిన వారానికి ఒక సాయంత్రం పట్టుకుంది. రేకుల ఇళ్ళల్లో వాన వస్తే పక్క మనిషి మాట పక్క మనిషికి వినబడదు. మా ఇంట్లో ఆ రోజు అంతా మెత్తగా ఉంది. ఎక్కడో దూరంగా ఎవరో దూది ఏకుతున్నట్టు ఒక సన్నటి మోత, అంతే. మామ నిద్రలేచి చెవి పెట్టి విన్నాడు.

"అమ్మీ, వాన యాడ్నో పడ్తాండాది. మన ఇంటి మింద లేదా?"

మన ఇంటి మీదే మామా అన్నాను. నమ్మలేదు. చెయ్యి పట్టుకుని లేపి వీధి అరుగు మీద, చూరు కింద కూర్చోబెట్టాను. ఎదురింటి రేకుల మీద వాన దబదబా మోగుతోంది. చల్లటి గాలి వీస్తోంది. ఆయన కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి వింటూ కూర్చున్నాడు. చీకటి పడే వరకూ లోపలికి రానన్నాడు.